ఆఫీసు ఇంగ్లీషులో నిజాయితీ గురించి వినిపించే మాటలు: ఏది మామూలు మాట, ఏది ఆరోపణ?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తెలుగు మీడియంలో చదువుకుని, బీకాం చేసి, హైదరాబాద్‌లో ఒక అమెరికన్ కంపెనీకి అకౌంట్స్ చూసే సెంటర్‌లో ఈ మధ్యే చేరారు. కాల్స్‌లోనూ, ఏటా చేయించే ఎథిక్స్ ట్రైనింగ్‌లోనూ 'కట్ కార్నర్స్', 'అబవ్ బోర్డ్', 'టర్న్ ఎ బ్లైండ్ ఐ', 'కమ్ క్లీన్', 'బ్లో ద విజిల్' లాంటి మాటలు వస్తున్నాయి. అర్థం డిక్షనరీలో దొరుకుతోంది గానీ వాడాలంటే భయంగా ఉంది. పైగా మొన్న మీ మేనేజర్ "లెట్స్ నాట్ ప్లగ్ ఇట్, డూ ఇట్ బై ది బుక్" అంటే తిట్టారేమోనని టెన్షన్ పడ్డారు. ఇలాంటివి ఎన్ని నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. వింటే అర్థమయ్యేలా ఓ పాతిక తెలిసి ఉండాలి. నోటితో వాడటానికి నాలుగైదు చాలు. ఫిర్యాదు రాసేటప్పుడు ఒక్కటి కూడా వద్దు. ఈ మాటలన్నీ నిజాయితీ గురించే అయినా వాటి బరువు వేరు వేరు. కొన్ని పనితీరు మీద వ్యాఖ్యలు. కొన్ని అనుమానాలు. కొన్ని ఏకంగా నేరారోపణలు. డిక్షనరీ అర్థం చెప్పి ఊరుకుంటుంది, బరువు చెప్పదు. మీరు నేర్చుకోవాల్సింది ఆ బరువు.

మీ మేనేజర్ మాట సంగతి ఇక్కడే తేల్చేస్తాను. అది తిట్టు కాదు. రెండు వైపులా లెక్క కుదరనప్పుడు తేడా ఎంత ఉందో అంత అంకె ఎక్కడో ఒకచోట వేసి సరిపెట్టేయడాన్ని అకౌంట్స్ వాళ్లు ప్లగ్ అంటారు. 'బై ది బుక్' అంటే నిబంధన ఎలా ఉంటే అలా. అంటే ఆవిడ మీకు చెప్పింది, తేడా ఎందుకొచ్చిందో వెతకండి, దొరికేదాకా దాన్ని తేడాగానే చూపించండి అని. దానికి "ష్యూర్" అని ఊరుకోకండి. ఇంకా తేలనివి ఏవి, ఒక్కోటి ఎంత, ఎవరి దగ్గర ఆగింది, ఎప్పటికి తేలుతుంది అని చిన్న జాబితా పంపండి. ఆవిడ అడిగింది అదే.

నేను హైదరాబాద్‌లోనే ఇంటర్నల్ ఆడిట్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీలాంటి సెంటర్ల పుస్తకాలే చూస్తాను. అక్కడ తెలివైన పిల్లలు లెక్కల్లో తప్పు చేసి ఇబ్బంది పడటం కంటే, సరైన లెక్కను తప్పు మాటతో చెప్పి ఇబ్బంది పడటం ఎక్కువ చూశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

తేలిక మాటలు

'కట్ కార్నర్స్' అంటే చేయాల్సిన మెట్లలో కొన్ని ఎగ్గొట్టి పని అయిందనిపించడం. మనం "మమ అనిపించేశాడు" అంటామే, దాదాపు అదే. పర్చేజ్ ఆర్డర్, సరుకు అందినట్టు రసీదు, ఇన్‌వాయిస్ ఈ మూడూ పోల్చి చూడకుండా పేమెంట్ వదిలేస్తే అది కార్నర్స్ కట్ చేయడం. ఎవరూ డబ్బు తినలేదు, కానీ తినాలనుకున్నవాడికి దారి తెరిచినట్టే. 'రబ్బర్ స్టాంప్' అంటే చూడకుండా సంతకం పెట్టడం. 'టిక్ ది బాక్స్' అంటే చెక్‌లిస్టులో గుర్తు పెట్టడం కోసమే పని చేయడం. ఇలాంటి మాట మీ పని గురించి ఎవరైనా అంటే కంగారు పడొద్దు, ఏ మెట్టు తప్పిందో అడగండి. కానీ వేరే టీమ్ గురించి మీరు అనేముందు ఆగండి. జూనియర్ నోటి నుంచి వస్తే ఇవి కూడా గుచ్చుకుంటాయి.

అనుమానపు మాటలు

'రెడ్ ఫ్లాగ్' వినగానే చాలామంది బెదిరిపోతారు. ఆడిటర్ నోట అది "ఇక్కడ ఇంకోసారి చూడాలి" అన్నంత మాత్రమే. ఒకే వెండర్‌కి ఒకే మొత్తం రెండుసార్లు వెళ్లినా రెడ్ ఫ్లాగే, సెలవు రోజున ఎంట్రీ పడినా రెడ్ ఫ్లాగే. చాలావాటికి మామూలు కారణం ఉంటుంది. 'డజంట్ పాస్ ది స్మెల్ టెస్ట్' కొంచెం గట్టిది: కాగితాలు సరిగ్గానే ఉన్నా వ్యవహారం నమ్మేలా లేదని. 'గ్రే ఏరియా' అంటే నిబంధన స్పష్టంగా లేని చోటు. 'స్కెలిటన్స్ ఇన్ ది క్లాజెట్' అంటే బయటపడితే పరువు పోయే పాత సంగతులు. ఇయర్ ఎండ్‌లో పాత పెండింగ్ ఐటమ్స్ గురించి కూడా ఈ మాట వాడతారు, అప్పుడు అంత సీరియస్ కాదు.

'విండో డ్రెస్సింగ్' మీ ఉద్యోగంలో తరచూ వినపడుతుంది. క్వార్టర్ చివర్లో సప్లయర్ల పేమెంట్లు నాలుగు రోజులు ఆపితే బ్యాంకులో నగదు ఎక్కువ కనిపిస్తుంది. అంకెలు అబద్ధం కావు, కానీ చూసేవాడికి కలిగే అభిప్రాయం అబద్ధం. మన 'మసిపూసి మారేడుకాయ' దీనికి చాలా దగ్గర.

నేరారోపణలు

'కుక్ ది బుక్స్', 'అండర్ ది టేబుల్', 'గ్రీజ్ సమ్‌వన్స్ పామ్', 'హ్యాండ్ ఇన్ ది టిల్'. మొదటిది దొంగ లెక్కలు రాయడం, రెండోది చాటుగా డబ్బు మారడం, మూడోది మన 'చేతులు తడపడం', నాలుగోది పనిచేసే చోట గల్లాపెట్టెలో చేయిపెట్టడం. ఇవి సరదాకు కూడా అనకండి. కాల్ రికార్డ్ అవుతుంది, చాట్ భద్రపరుస్తారు. రేపు నిజంగా ఏదైనా విచారణ జరిగితే "ఫలానా వ్యక్తి అప్పుడే ఈ మాట అన్నాడు, అంటే అతనికి తెలుసు" అని మిమ్మల్నే ముందు పిలుస్తారు.

'టర్న్ ఎ బ్లైండ్ ఐ' కూడా ఈ గుంపులోదే. చాలామంది దాన్ని తేలిక మాట అనుకుంటారు. 1801లో కోపెన్‌హేగన్ యుద్ధంలో వెనక్కి రమ్మని పైఅధికారి జెండా సంకేతం ఇస్తే, బ్రిటిష్ నౌకాదళానికి చెందిన నెల్సన్ దూరదర్శినిని చూపు పోయిన కంటికి పెట్టుకుని "నాకేం సంకేతం కనిపించలేదు" అన్నాడని చెబుతారు. ఈ కథ నిజానికి కథే అయినా మాట అర్థం అందులోనే ఉంది. అతనికి సంకేతం ఉందని తెలుసు. తెలిసి చూడలేదు. చూసీ చూడనట్టు వదిలేయడం అన్నమాట.

ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, 'ఓవర్‌లుక్' అనే ఇంకో మాట ఉంది. అది పొరపాటున కంటికి ఆనకపోవడం. "వియ్ ఓవర్‌లుక్డ్ ద డూప్లికేట్" అంటే చూడటం మర్చిపోయాం అని. "వియ్ టర్న్‌డ్ ఎ బ్లైండ్ ఐ" అంటే తెలిసే వదిలేశాం అని. ఆడిట్ రిపోర్టులో మొదటిదానికి ట్రైనింగ్ ఇస్తారు, రెండోదానికి ఉద్యోగం పోతుంది. పనిలో పనిగా 'ఓవర్‌సైట్' కూడా చూసుకోండి. దానికి పర్యవేక్షణ అనీ అర్థమే, పొరపాటు అనీ అర్థమే. "ఇట్ హ్యాపెన్డ్ అండర్ మై ఓవర్‌సైట్" అంటే నా పర్యవేక్షణలో జరిగిందని. "డ్యూ టు మై ఓవర్‌సైట్" అంటే నా పొరపాటు వల్ల అని. చిన్న ముక్క మారితే తప్పు ఎవరిదో మారిపోతుంది.

'కమ్ క్లీన్' గురించి ఒక సంఘటన

నేను ఆడిట్‌కి వెళ్లిన ఒక సెంటర్‌లో రీకన్సిలియేషన్ (రెండు వైపులా లెక్కలు సరిపోల్చే) టీమ్‌లో కొత్తగా చేరిన ఒక అబ్బాయి విదేశీ ఆఫీసు మేనేజర్‌కి మెయిల్ పెట్టాడు: "ప్లీజ్ కమ్ క్లీన్ ఆన్ ద పెండింగ్ ఇన్‌వాయిసెస్." పెండింగ్ ఇన్‌వాయిస్‌ల మీద స్పష్టత ఇవ్వండి అని అతని ఉద్దేశం. 'క్లీన్' ఉంది కాబట్టి శుభ్రంగా, క్లియర్‌గా చెప్పడం అనుకున్నాడు. అవతలి మనిషికి అది "మీరు దాస్తున్న నిజం ఒప్పుకోండి" అని వినిపించింది. మెయిల్ ఆయన పై అధికారి దాకా వెళ్లింది. అక్కడి నుంచి ఇక్కడి సెంటర్ హెడ్‌కి వచ్చింది. ఇన్‌వాయిస్‌ల సంగతి పక్కకు పోయి, మా కుర్రాడికి వాళ్ల మీద ఏం అనుమానం అన్నదే చర్చ అయింది. అతని లెక్క నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నిజంగానే ఆ ఇన్‌వాయిస్‌లు అటువైపే ఆగిపోయి ఉన్నాయి. అయినా క్షమాపణ అతనే చెప్పాల్సి వచ్చింది.

'కమ్ క్లీన్' మీ గురించి మీరు చెప్పుకోవచ్చు, ఎదుటివారిని అడగడానికి వాడకూడదు. మీకు కావాల్సింది వివరమైతే "కుడ్ యూ కన్ఫర్మ్ ద స్టేటస్" చాలు.

మనం ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు మాటలు: 'మేనేజ్', 'అడ్జస్ట్'

ఇంగ్లీషు నుడికారాల కంటే నాకు ఎక్కువ భయం ఈ రెండింటితోనే. మనకు ఇవి తెలుగు మాటలైపోయాయి. బస్సులో సీటు అడ్జస్ట్ చేస్తాం, ఇంటికి చుట్టాలొస్తే మేనేజ్ చేస్తాం. ఏ చెడు ఉద్దేశమూ లేదు. అదే అలవాటుతో కాల్‌లో "వియ్ విల్ మేనేజ్ ద నంబర్స్", "వియ్ మేనేజ్డ్ ద ఆడిటర్" అనేస్తారు. అకౌంటింగ్‌లో 'ఎర్నింగ్స్ మేనేజ్‌మెంట్' అంటే లాభాన్ని తమకు కావాల్సినట్టు పైకీ కిందకీ జరపడం అనే స్థిరమైన అర్థం ఉంది. 'ఆడిటర్ని మేనేజ్ చేశాం' అంటే ఆయన నోరు మూయించారని వింటారు. మీరు చెప్పదలచుకున్నది ఆయన అడిగినవన్నీ ఇచ్చామని. అలాంటప్పుడు "వియ్ ఆన్సర్డ్ ఆల్ ద ఆడిటర్స్ క్వెశ్చన్స్" అనండి. ఒక మాట ఎక్కువైనా పర్వాలేదు.

'అడ్జస్ట్' ఇంకా చిక్కు. 'అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ' న్యాయమైన పదమే. నెలాఖరుకి రావలసినవి, ఇవ్వవలసినవి సరిగ్గా చూపించడానికి వేసే ఎంట్రీ. దానికి కారణం, ఆధారం, ఆమోదం ఉంటాయి. మరి మన వాళ్లు "డోంట్ వర్రీ, వియ్ విల్ అడ్జస్ట్" అన్నప్పుడు ఆ మూడూ ఉన్నాయా అన్నది అవతలివాళ్లకు తెలియదు. ప్లగ్ వేస్తారేమో అనుకుంటారు. 'అడ్జస్ట్' అన్న ప్రతిసారీ వెంటనే దేనికి, ఏ ఆధారంతో అన్నది చెప్పే అలవాటు చేసుకోండి. ఈ ఒక్క అలవాటు పాతిక నుడికారాల కంటే ఎక్కువ పనికొస్తుంది.

హైదరాబాద్ అందరికీ నేర్పిన మాట

మన ఊళ్లో ఈ విషయం మాట్లాడితే సత్యం కంప్యూటర్స్ రాకుండా ఉండదు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ బి. రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట చిన్న తేడాగా మొదలైంది ఏళ్ల తరబడి పెరుగుతూ పోయిందని రాశారు. అది పులి మీద స్వారీ లాంటిదనీ, దిగితే తినేస్తుందన్న భయంతో ఎలా దిగాలో తెలియలేదనీ అన్నారు.

ఎథిక్స్ ట్రైనింగ్‌లో వచ్చే 'స్లిప్పరీ స్లోప్' (ఒక్క అడుగు వేస్తే ఆగకుండా జారిపోయే వాలు) అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మొదటి క్వార్టర్‌లో వేసిన చిన్న అబద్ధాన్ని నిలబెట్టడానికి తర్వాతి క్వార్టర్‌లో ఇంకొంచెం పెద్దది కావాలి, ఎందుకంటే ముందు చూపించిన అంకె మీదే ఎదుగుదల చూపించాలి. లేని లాభం చూపించాక, ఆ డబ్బు ఎక్కడో ఒకచోట ఉన్నట్టూ చూపించాలి. అలా దొంగ లాభం దొంగ బ్యాంకు నిల్వ అవుతుంది. మీ మేనేజర్ చిన్న ప్లగ్‌కి కూడా ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. ఆవిడ పట్టుదలని చాదస్తం అనుకోకండి.

మెచ్చుకునే మాటలు

'అబవ్ బోర్డ్' అంటే దాపరికం లేనిది. పేకాటలో చేతులు బల్ల పైన, అందరికీ కనిపించేలా ఉంచడం నుంచి వచ్చింది. వాడుకోవడానికి సురక్షితమైన మాట, కానీ ముందే రక్షణగా వాడొద్దు. ఎవరూ అడగకుండా "ఎవ్రీథింగ్ ఈజ్ అబవ్ బోర్డ్" అంటే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. 'ఆర్మ్స్ లెంగ్త్' అంటే బంధుత్వం, సొంత సంస్థ అన్న మొహమాటం లేకుండా బయటివాళ్లతో చేసినట్టే ధర పెట్టి లావాదేవీ చేయడం. గ్రూప్ కంపెనీల బిల్లింగ్‌లో ఇది పన్ను చట్టాల్లో ఉన్న పదం కూడా, కాబట్టి బాగా నేర్చుకోండి. 'స్ట్రెయిట్ షూటర్' అంటే ముక్కుసూటి మనిషి, అమెరికన్ వాడుక.

'ద బక్ స్టాప్స్ హియర్' అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ బల్ల మీద ఉన్న పలక వల్ల బాగా తెలిసింది. బాధ్యత నాదే, ఇంకొకరి మీదకు నెట్టను అని. దీనికి వ్యతిరేకం 'పాస్ ద బక్'. ఇంకో అడుగు ముందుకెళ్తే 'త్రో అండర్ ద బస్', తాను బయటపడటానికి సహోద్యోగిని బలిపెట్టడం. ఈ చివరిది ఆఫీసుల్లో చాలా చౌకగా వాడేస్తున్నారు. లెక్కలో తప్పు ఎవరిదో అడిగితే వాస్తవం చెప్పడం బస్సు కిందకు తోయడం కాదు. టీమ్‌లో ఎవరైనా మీతో "డోంట్ త్రో మీ అండర్ ద బస్" అంటే, అది స్నేహం పేరుతో నిజం దాచమనే అభ్యర్థన కావచ్చు. గుర్తుపట్టండి.

ట్రైనింగ్‌లో 'న్యూస్‌పేపర్ టెస్ట్' అని వస్తే, అది అమెరికన్ ఇన్వెస్టర్ వారెన్ బఫెట్ 1991లో సాలమన్ బ్రదర్స్ అనే ఆర్థిక సంస్థలో కుంభకోణం బయటపడిన సమయంలో అక్కడి ఉద్యోగులకు చెప్పిన పరీక్ష. మీరు చేయబోయే పని రేపు మీ ఊరి పేపర్ మొదటి పేజీలో పడి, మీ భార్య, పిల్లలు, స్నేహితులు చదివినా మీకు ఇబ్బంది లేదా అని మిమ్మల్ని మీరే అడగడం. గ్రే ఏరియాలో నేను కూడా దీన్నే వాడతాను. నియమావళి ఎంత లావుగా ఉన్నా ప్రతి పరిస్థితికీ వాక్యం ఉండదు.

ఒక చిన్న సంగతి: 'టు బి ఆనెస్ట్', 'ఆనెస్ట్‌లీ' ప్రతి వాక్యానికీ తగిలించకండి, మిగతావి నిజం కావా అనిపిస్తుంది. మన దగ్గర "నిజం చెప్పాలంటే" ఊతపదం కాబట్టి అలా వచ్చేస్తుంది. ఇంటర్వ్యూలో మరీ వద్దు. ఇంటర్వ్యూలో నైతిక సందిగ్ధం గురించి అడిగితే 'ఆనెస్టీ ఈజ్ ద బెస్ట్ పాలసీ' అని బట్టీ పట్టింది చెప్పకుండా ఏదైనా ఒక సంఘటన చెప్పండి. చిన్నదైనా సరే.

నిజంగా తప్పు కనిపిస్తే

మీరు నేరుగా అడగలేదు గానీ, మీరు విన్న మాటల్లో 'బ్లో ద విజిల్' (సంస్థలో జరిగే తప్పును లోపలివాళ్లే బయటపెట్టడం) ఉందంటే ఈ ఆలోచన ఉండే ఉంటుందని రాస్తున్నాను. విజిల్‌బ్లోయర్ అనే పదాన్ని గౌరవప్రదం చేసినవారిలో 1970ల మొదట్లో అమెరికాలో వినియోగదారుల హక్కుల కోసం పోరాడిన రాల్ఫ్ నేడర్ ముఖ్యుడు. అంతకుముందు అలాంటివారికి చాడీకోరు అన్న పేరే ఉండేది. మన దేశంలో 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలకు, ఇంకొన్ని రకాల కంపెనీలకు 'విజిల్ మెకానిజం' (ఇక్కడ ఈల అనే whistle కాదు, నిఘా అనే vigil; ఉద్యోగులు తప్పులు తెలియజేసే ఏర్పాటు) తప్పనిసరి. ఫిర్యాదు చేసినవారిని వేధించకుండా రక్షణ ఉండాలి. తగిన సందర్భాల్లో నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌ను కలిసే వీలుండాలి. మీది విదేశీ కంపెనీ సెంటర్ కాబట్టి మాతృసంస్థ హాట్‌లైన్ కూడా ఉండొచ్చు. ఎథిక్స్ పాలసీ తెరిచి మీ కంపెనీలో ఏ దారి ఉందో ముందే చూసి పెట్టుకోండి.

ఫిర్యాదులో నుడికారం రాయకండి. "దే ఆర్ కుకింగ్ ద బుక్స్" అని రాస్తే మీరు ఉద్దేశాన్ని ఆరోపించినట్టు. ఉద్దేశం మీరు నిరూపించలేరు. "ఫలానా తేదీన, ఫలానా వెండర్‌కి, పర్చేజ్ ఆర్డర్ లేకుండా ఇంత మొత్తం వెళ్లింది. ఆమోదించిన యూజర్ ఐడీ ఇది. అదే వెండర్‌కి గత నెలలో కూడా ఇలాగే జరిగింది" అని రాస్తే ఎవరూ కాదనలేరు. నా చేతికి వచ్చిన ఫిర్యాదుల్లో త్వరగా తేలినవన్నీ ఇలా పొడిగా, తేదీలతో, అంకెలతో రాసినవే. కోపంతో, పెద్ద పెద్ద మాటలతో రాసినవాటిలో నిజం ఉన్నా, ఆ నిజాన్ని వెతికి బయటకు తీయడానికే మాకు వారాలు పట్టేవి. ఈలోగా అవతలివాళ్లు కాగితాలు సర్దుకునేవారు. మీరు కళ్లారా చూసింది ఒక పేరాలో, విన్నది వేరే పేరాలో, ఊహ అసలు రాయకుండా ఉంటే చాలు.

ఆధారాల కోసం కంపెనీ ఫైళ్లు మీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, ఫోన్‌తో స్క్రీన్ ఫోటోలు తీయొద్దు. మంచి ఉద్దేశంతో చేసినా అది డేటా పాలసీ ఉల్లంఘన అవుతుంది, అసలు ఫిర్యాదు పక్కకు పోయి మీ మీద విచారణ మొదలవుతుంది. డాక్యుమెంట్ నంబరు, తేదీ, అది సిస్టమ్‌లో ఎక్కడ ఉందో రాసి ఇవ్వండి. తీసుకునే అధికారం ఆడిట్ వాళ్లకు ఉంటుంది, వాళ్లు తీసుకుంటారు.